అప్‌డేట్: 30 మందికి గ్రేజింగ్ టేబుల్, ఏది సరిపోయింది, ఏది మెత్తబడింది

ముందు అడిగింది ఇదీ: సాయంత్రం పార్టీ, 30 మంది, ఆరడుగుల గ్రేజింగ్ టేబుల్ (చీజ్, పళ్లు, చిరుతిళ్లు పరిచి పెడితే ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుని తినే టేబుల్), తర్వాత భోజనం ఉంది. చీజ్ ఎంత తేవాలి, జంతికలు మెత్తబడకుండా ఎలా అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

చీజ్ మనిషికి 50 గ్రాముల లెక్కన కిలోన్నర సరిపోయింది. చెడ్డార్, గౌడా ముక్కలు కోసే పెట్టండి. దిమ్మగా పెడితే మొహమాటానికి ఎవరూ కత్తి ముట్టుకోరు. ఫ్రిజ్‌లోంచి అరగంట ముందు తీస్తే చాలు. ఇంకా ముందు తీస్తే మన ఎండలకి చీజ్ చెమర్చి జిడ్డు తేలుతుంది.

సర్దడంలో ముందు చట్నీ, తేనె గిన్నెలు, వాటి చుట్టూ చీజ్, తర్వాత పళ్లు, ఖాళీల్లో ద్రాక్ష, జీడిపప్పు. క్రాకర్ బిస్కెట్లు, జంతికలు, చేగోడీలు అందరూ వచ్చే పది నిమిషాల ముందే.

తప్పు జరిగింది పుచ్చకాయ దగ్గర. ముక్కల నీళ్లు కింద పరిచిన బటర్ పేపర్ మీదుగా పారి పక్కనున్న జంతికల కుప్ప అడుగున చేరాయి. పైవి కరకర, అడుగువి నమిలితే సాగుడు. కోసిన పళ్లు అంచున్న పళ్లెంలోనే ఉండాలి, అందం సంగతి తర్వాత. యాపిల్ మాత్రం లీటరు నీళ్లకి రెండు టీస్పూన్ల ఉప్పు వేసి, ఐదు నిమిషాలు ఉంచి, కడిగి తుడిస్తే నల్లబడలేదు.

సరుకు సగమే టేబుల్ మీద, మిగతాది ఫ్రిజ్‌లో. రెండు గంటలు దాటిన చీజ్, కోసిన పళ్లు తీసేయాల్సిందే. మే నెలలో ఆరుబయటైతే గంటకే.