చెన్నై నుండి విశాఖకు మోటారు యాట్: నడుమ డీజిల్ ఎక్కడ నింపుకోవాలి?

వచ్చే ఫిబ్రవరి నెలాఖరులో, తుపాన్ల కాలం ముగిసి తీరప్రవాహం ఉత్తరదిశగా సాగే రోజుల్లో, మా మోటారు యాట్‌ను (ఇంజనుతో నడిచే విహార పడవను) చెన్నై నుండి విశాఖపట్నానికి తీసుకువెళ్లాలని అనుకుంటున్నాము. దూరం సుమారు 330 నాటికల్ మైళ్లు. గంటకు 9 నాటికల్ మైళ్ల వేగంతో వెళ్తే గంటకు 40 లీటర్ల డీజిల్ ఖర్చవుతుంది. ట్యాంకు 1200 లీటర్లది, అందులో మూడో వంతు ముట్టుకోకూడదన్నది మా నియమం కనుక 180 మైళ్లకు మించి సాహసించలేము. నిజాంపట్నం లేదా మచిలీపట్నం చేపల రేవులో ప్రైవేటు పడవకు డీజిల్ పోస్తారా, లేక పీపాల్లో తెప్పించుకోవాలా? అంతకన్నా నన్ను కలవరపెడుతున్నది రేవులోకి వెళ్లే మొగ (నీరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర మేట వేసే ఇసుక: నీటిలో 1.4 మీటర్లు మునిగే పడవ ఏ పోటులో దాటగలదో అక్కడి మరపడవల సరంగులకే బాగా తెలుస్తుంది. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల అంచనాలను చూస్తున్నాను. అలలు ఎంత ఎత్తుంటే ప్రయాణం వాయిదా వేయడం మంచిదో, ఆ దారిన వెళ్లినవారు దయచేసి చెప్పగలరు.