మాండరిన్ అనే పేరు ఎక్కడిది? 'మంత్రి' నుంచా, 'మన్ దా రెన్' నుంచా?

గోదారిగట్టు: చైనావాళ్ల ప్రామాణిక భాషను లోకమంతా మాండరిన్ అంటోంది. దాని మూలం సంస్కృతంలోని 'మంత్రి'. అది మలయ్‌లో 'మెంతెరి' అయింది. 1511లో మలయ్ రేవుపట్నం మలక్కాను పట్టుకున్న పోర్చుగీసువాళ్ల నోట 'మందరిమ్' అయింది. చైనా అధికారుల్ని అలా పిలిచారు, వాళ్లు మాట్లాడే భాషకూ అదే పేరు పడింది. ఈ సంగతి ఎవరూ చెప్పరేం?

షెన్‌జెన్ వాసి: తప్పు. చైనీస్‌లో 'మన్ దా రెన్' అంటే మంచూ దొర; మంచూలంటే చైనాను ఏలిన చింగ్ వంశం వాళ్లు. అదే మాండరిన్ అయింది. మా ఆఫీసులో చైనా మిత్రుడే చెప్పాడు. వాళ్ల భాష సంగతి వాళ్లకు తెలియదా?

గోదారిగట్టు: మంచూలు బీజింగ్ గద్దె ఎక్కింది 1644లో. పోర్చుగీసువాళ్లు ఆ మాట వాడింది 16వ శతాబ్దంలో. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

కొత్తసభ్యుడు: పోర్చుగీసులో 'మందార్' అంటే ఆజ్ఞాపించడం. దాన్నుంచి రాలేదా?

గోదారిగట్టు: 'త' పోయి 'ద' రావడానికి ఆ పోలిక తోడ్పడిందంటారు. మూలం మాత్రం మంత్రే.

తైపే విద్యార్థి: మూలం సరే, చైనావాళ్లు తమ భాషను ఆ పేరుతో పిలుచుకోరు కదా! మింగ్, చింగ్ రాజవంశాల కాలాల్లో 'గ్వాన్‌హువా' అన్నారు, అంటే అధికారుల మాట. ఊరికో యాస ఉన్న ఉద్యోగులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడిన భాష అది. తర్వాత రాజరికం పోయి వచ్చిన రిపబ్లిక్ దాన్ని 'గ్వోయూ', జాతీయ భాష, అంది. 1956లో బీజింగ్ ప్రభుత్వం 'పుతోంగ్‌హువా', అందరి మాట, అని నిర్వచించింది. తైవాన్‌లో ఇప్పటికీ గ్వోయూ అనే అంటారు. క్లాసులో నేను పుతోంగ్‌హువా అనగానే మా టీచర్ ముఖం మారిపోయింది.

షెన్‌జెన్ వాసి: భాష ఒకటే కదా. అర్థమైతే చాలదా?

తైపే విద్యార్థి: మా ఇంటి ఓనరమ్మను అడగండి. చిన్నప్పుడు బడిలో తైవానీ మాట్లాడినందుకు మెడలో పలక కట్టి నిలబెట్టారట. 'జాతీయ' అనే మాట వింటే ఆవిడకు ఇవాళ్టికీ కోపమే.

సింగపూర్ కోడలు: ఇక్కడ దాన్ని 'హువాయూ' అంటారు. 1979లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ 'మాండరిన్ మాట్లాడండి' ఉద్యమం మొదలుపెట్టారు. మా పక్కింటి అవ్వకు హొక్కియన్ అనే దక్షిణ చైనా భాష తప్ప రాదు, మనవలకు అది రాదు.

గోదారిగట్టు: ఇదంతా రాజకీయం. నేను అడిగింది మాట పుట్టుక గురించి. సంస్కృతానికి దక్కాల్సిన పేరు దక్కనివ్వరు, అంతే.

తైపే విద్యార్థి: మీకు కావాల్సింది మాండరిన్ చరిత్ర కాదండీ, మన గొప్ప. మధ్యలో మలయ్‌వాళ్లు లేకపోతే మీ మంత్రి చైనా గడప తొక్కేవాడే కాదు!

సింగపూర్ కోడలు: రాజకీయం అని తోసెయ్యకండి. ఇక్కడ తమిళం అధికార భాష. బడిలో హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు లేదు. మా అబ్బాయి హిందీ చదువుతున్నాడు. సర్కారు జాబితాలో లేని భాష ఇంట్లో ఎన్నాళ్లు నిలుస్తుందో ఆ అవ్వను చూస్తే తెలుస్తోంది.

గోదారిగట్టు: మా నాన్న సంస్కృతం మాస్టారు. చచ్చిన భాష ఎవరికి కావాలని ఆ పోస్టే తీసేశారు. ఆ భాషలోని మాట మంత్రిగా మలక్కా దాకా పోయి, అక్కణ్నుంచి ప్రపంచమంతా తిరిగిందని చెబితే గొప్పలు అంటారా?

తైపే విద్యార్థి: మాస్టారిగారి విషయం బాధాకరం. అయినా శీర్షికలో గ్వాన్‌హువా కూడా చేర్చండి. పోర్చుగీసువాళ్ల పేరు అతికింది దానికే.

గోదారిగట్టు: చేర్చను. దానికి వేరే థ్రెడ్ పెట్టండి, వచ్చి రాస్తాను.