యమహా ఆర్ఎక్స్ 100 బైక్ ఒరిజినల్ స్పేర్లు దాచి అమ్మడం: వ్యాపారమా, దోపిడీనా?

కడప_టూస్ట్రోక్: ఈ బండిని ఎస్కార్ట్స్ కంపెనీ తయారుచేసిన కాలం నాటి, సీలు విప్పని మికుని కంపెనీ కార్బ్యురేటర్ ఇక్కడొకరు అమ్మకానికి పెట్టారు. డబ్బా మీద ధర నాలుగు వందల చిల్లర, అడుగుతున్నది 14,000. బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. ఉన్న నాలుగు స్పేర్లూ ఇలా బీరువాలో పెట్టేస్తే రోజూ నడిపేవాడు ఏం కావాలి?

పాతసరుకు_సికింద్రాబాద్: పెట్టింది నేనే అన్నా. మూతపడిన డీలర్ల గోడౌన్లు, చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్‌బాగ్ స్పేర్ల బజార్లు తిరిగి, ఒక్క మంచి పార్టు కోసం లాట్ మొత్తం కొనాలి. అందులో సగం తుప్పు, రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటాయి. ఆ నష్టం ఎవరిస్తారు? ఎక్కువనిపిస్తే డూప్లికేట్ వేసుకోండి.

బెజవాడ_లా: సీల్డ్ ప్యాక్‌ని ఎమ్మార్పీ కంటే ఎక్కువకి అమ్మడం లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) రూల్స్ ప్రకారం తప్పు. ఇక చర్చేముంది?

పాతసరుకు_సికింద్రాబాద్: సార్, అది 1990కి ముందు ప్యాకింగ్. అప్పట్లో ధర పక్కన ‘స్థానిక పన్నులు అదనం’ అని వేసేవాళ్లు. అన్ని పన్నులూ కలిపిన ఎమ్మార్పీ తర్వాత వచ్చింది.

బెజవాడ_లా: సంవత్సరం అడగలేదు. డబ్బా మీద ధర ఉందా, లేదా?

పాతసరుకు_సికింద్రాబాద్: అయితే సీలు విప్పేసి అమ్ముతా. సరేనా?

గుంటూరు_కుర్రోడు: 😂😂

ఆటోనగర్_మెకానిక్: డూప్లికేట్ వేసుకోమనడం తేలికే. హోలోగ్రాం ఉన్న డబ్బాలో వచ్చిందని నమ్మి ఓ పిస్టన్ కిట్ వేశాను. సిలిండర్ బోర్ కొట్టించి ఇస్తే రన్నింగ్‌ఇన్‌లోనే, అంటే కొత్తలో మెల్లగా నడిపేటప్పుడే, ఇంజిన్ పట్టేసింది. కస్టమర్ నలుగురిలో నన్ను తిట్టాడు, లేబర్ నా జేబులోంచే పోయింది. కొలత కాస్త తేడా వచ్చినా టూస్ట్రోక్ వేడెక్కి బిగుసుకుపోతుంది. ఒరిజినల్ కావాల్సిందే, కానీ ఈ రేటు నా కస్టమర్లు పెట్టలేరు.

కడప_టూస్ట్రోక్: గోడౌన్ సరుకు అంటున్నావు సరే. నీ దగ్గరున్న ట్యాంకులు, మీటర్లు కూడా గోడౌన్‌లోనే దొరికాయా?

పాతసరుకు_సికింద్రాబాద్: కొనే స్తోమత లేకపోతే లేదని చెప్పు బ్రదర్. ఏడుపెందుకు?

కడప_టూస్ట్రోక్: స్తోమత గురించి నువ్వు మాట్లాడకు. మా నాన్న 1989 మోడల్‌ని నీలాంటి వ్యాపారే ‘నేనే నడుపుకుంటా’ అని మా బావ దగ్గర తీసుకెళ్లాడు. నెల తిరక్కుండా ట్యాంకు ఒకడికి, మీటర్ ఇంకొకడికి, 1ఎల్1తో మొదలయ్యే నంబరున్న ఒరిజినల్ ఇంజిన్ మరొకడికి అమ్మేశాడు. ఆర్సీ ఇప్పటికీ నాన్న పేరు మీదే ఉంది. రేపు ఆ ఇంజిన్‌తో ఎవడైనా యాక్సిడెంట్ చేస్తే పోలీసులు ఎవరింటికి వస్తారు?

బెజవాడ_లా: ఆర్సీలో ఉన్న ఇంజిన్ మార్చాలంటే ఆర్టీఓ అనుమతి కావాలి. మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షన్. మీ బావగారు సంతకం పెట్టిన కాగితం ఏదైనా ఉందా?

కడప_టూస్ట్రోక్: లేదు సార్. నోటి మాట మీద ఇచ్చాడు.

ఆటోనగర్_మెకానిక్: ఫ్రేమ్ తుప్పు పట్టి మూలన పడ్డ బండిని విప్పితే ఎవరూ ఏమనరు, నేనూ అలాంటివి కొంటాను. కిక్కు కొడితే స్టార్టయ్యే బండిని కోయడమేంటి భయ్యా? నువ్వూ కోస్తావా?

పాతసరుకు_సికింద్రాబాద్: వాళ్ల నాన్నగారి బండి నేను కొనలేదు. కానీ అడిగావు కాబట్టి చెబుతున్నా, కోస్తాను. ఆ పార్టులతో నాలుగు బండ్లు లేస్తాయి. పైగా బండిగా అమ్మితే వచ్చేదానికంటే ముక్కలకే ఎక్కువొస్తోంది. కొనేవాళ్లు ఇక్కడే ఉన్నారు, ఇన్‌బాక్స్ చూపించమంటారా?

గుంటూరు_కుర్రోడు: పేర్లు మాత్రం వద్దన్నా 🙏

కడప_టూస్ట్రోక్: చూపించు. ఆ ట్యాంకు ఎవరు కొన్నారో నాకూ తెలియాలి.

బెజవాడ_లా: డబ్బా మీద ధర ఉందా లేదా అన్నదానికి ఇంకా జవాబు రాలేదు.