ఉత్తర కొరియా అణ్వస్త్రాలు: అగ్రరాజ్యాలు ఒత్తిడి పెంచాలా, ఒప్పందానికి సిద్ధపడాలా?

తార్నాక పాఠకుడు:

2006 అక్టోబరులో తొలి అణుపరీక్ష జరిపిన ఉత్తర కొరియా 2017 సెప్టెంబరు నాటికి ఆరు పరీక్షలు పూర్తిచేసింది. 2022 సెప్టెంబరులో చేసుకున్న చట్టం ప్రకారం, తమ నాయకత్వంపై దాడి జరగబోతున్నదని తోచినా చాలు, ఆ దేశం ముందుగానే అణ్వస్త్రాన్ని ప్రయోగించవచ్చు. ఎప్పుడు ఏం చేస్తుందో తెలియని ఇటువంటి ప్రభుత్వంతో బేరాలకు దిగితే, బెదిరించినవాడికే బహుమానం ఇచ్చినట్లవుతుంది. అణ్వస్త్రాలను పూర్తిగా వదులుకునేవరకు ఒక్క ఆంక్షను కూడా సడలించకూడదని నా అభిప్రాయం. సభ్యులు తమ వాదన తెలుపగలరు.

నల్లకుంట విశ్రాంత అధ్యాపకుడు:

పాఠకుడు గారూ, ఆంక్షలు బిగించవలసింది ఎవరు? 2017 డిసెంబరులో భద్రతామండలి 2397వ తీర్మానం ద్వారా శుద్ధిచేసిన పెట్రోలియం సరఫరాను ఏడాదికి 5 లక్షల బ్యారెళ్లకు పరిమితం చేసినప్పుడు చైనా, రష్యా కూడా అనుకూలంగానే ఓటు వేశాయి. 2022 మే నెలలో కొత్త ఆంక్షలను ఆ రెండు దేశాలే వీటో చేశాయి. 2024 మార్చిలో, ఆంక్షల అమలును పరిశీలించే నిపుణుల బృందం గడువు పొడిగించకుండా రష్యా అడ్డుపడింది. ఆ జూన్‌లోనే పుతిన్ ఉత్తర కొరియా రాజధాని ప్యోంగ్యాంగ్ వెళ్లి పరస్పర సైనిక సహాయానికి సంతకం చేసి వచ్చారు. ఇక చైనాకు ఉత్తర కొరియా అధినేత కిమ్ ప్రభుత్వం మీద ప్రేమ ఉన్నా లేకపోయినా, అది కూలితే శరణార్థులు సరిహద్దు దాటి వస్తారని, అమెరికా సైన్యం ఆ సరిహద్దులోని యాలూ నది ఒడ్డుదాకా చేరుతుందని భయం ఉంది. ఆ భయం ఉన్నంతకాలం బీజింగ్ తాడును తెగేదాకా లాగదు.

పూర్తిగా వదులుకోవాలన్న షరతు ఏమైందో వియత్నాం రాజధాని హనోయిలో ట్రంప్, కిమ్ భేటీలో చూశాం. 2019 ఫిబ్రవరిలో యోంగ్‌బ్యోన్ అణుకేంద్రాన్ని మూసివేస్తామని, ప్రధానమైన ఆంక్షలను ఎత్తివేయాలని కిమ్ కోరారు. అది చాలదని ట్రంప్ లేచిపోయారు. అక్కడ మిగిలింది ఏమీ లేదు. అమెరికాతో కుదిరిన 1994 జెనీవా ఒప్పందం కింద మాత్రం అదే యోంగ్‌బ్యోన్ రియాక్టరు 2002 చివరిదాకా ఆగి ఉంది. ఆ కాలంలోనే ఉత్తర కొరియా చాటుగా యురేనియం శుద్ధికి (బాంబుకు పనికివచ్చే ఇంధన తయారీకి) దారి వెతికిందన్నది నిజమే, మోసమే. అయినా ఒప్పందం తెగిన నాలుగేళ్లలోనే తొలి పరీక్ష జరిగిందన్నది కూడా నిజమే కదా!

మౌలాలి నివాసి:

1998లో పోఖ్రాన్ పరీక్షల తరువాత అమెరికా, జపాన్ మనపైనా ఆంక్షలు విధించాయి. మన కార్యక్రమం ఆగలేదు. 2001లో వాళ్లే సడలించారు. ఇక్కడి న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. పైగా, 2003లో అణు కార్యక్రమాన్ని వదులుకున్న లిబియా గడాఫీకి 2011లో ఏ గతి పట్టిందో చూసిన కిమ్ ఎందుకు వదులుకుంటారు?

తార్నాక పాఠకుడు:

మౌలాలి గారూ, ఆ పోలికను నేను అంగీకరించను. మనం అణువ్యాప్తి నిరోధక ఒప్పందంపై ఏనాడూ సంతకం చేయలేదు, కాబట్టి మాట తప్పలేదు. ఉత్తర కొరియా 1985లో అందులో చేరి, 2003లో బయటకు వస్తున్నట్లు ప్రకటించింది. దానికి శిక్ష లేకపోతే రేపు మరో దేశం అదే దారి పడుతుంది. అధ్యాపకుల వారికి నా ప్రశ్న ఒక్కటే: 2009లో అంతర్జాతీయ తనిఖీదారులను వెళ్లగొట్టిన ప్రభుత్వం ఒప్పందానికి కట్టుబడి ఉన్నదని ఎవరు చూసి చెబుతారు?

నల్లకుంట విశ్రాంత అధ్యాపకుడు:

యురేనియం శుద్ధిని ఆపారో లేదో తనిఖీదారులు లేకుండా తేల్చలేం. అది మీ వాదనలో గట్టి భాగం. కానీ అణుపరీక్షను దాచలేరు, భూకంప నమోదు కేంద్రాలు పట్టేస్తాయి. ఖండాంతర క్షిపణి ప్రయోగం రాడార్లకు, ఉపగ్రహాలకు తెలుస్తుంది. అందువల్ల బేరం అక్కడే మొదలుపెట్టాలి: ఈ రెండింటి నిలుపుదలకు బదులుగా ఇంధన పరిమితిలో కొంత సడలింపు ఇచ్చి, ఒక్క పరీక్ష జరిగినా దానిని వెంటనే వెనక్కు తీసుకోవాలి.

దానికన్నా ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. 2023 ఏప్రిల్ నుంచి దక్షిణ కొరియా హాట్‌లైన్ పిలుపులకు ప్యోంగ్యాంగ్ జవాబివ్వడం మానేసింది. సరిహద్దుకు సియోల్ దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఒక సైనిక విన్యాసాన్ని నిజమైన దాడిగా పొరబడితే, మీరు ప్రస్తావించిన 2022 చట్టం అమలులోకి రావడానికి నిమిషాలు చాలు. అణ్వస్త్రాల మాట పక్కన పెట్టి, కేవలం ఆ హాట్‌లైన్‌ను పునరుద్ధరించడానికైనా వాషింగ్టన్, బీజింగ్ కలిసి ఒత్తిడి తేవచ్చు. ఇందులో చైనాకు పోయేదేమీ లేదు.