చౌరస్తాను కూడలి అనొచ్చా?

"చౌరస్తా ఉర్దూ మాట, కూడలి అని రాయాలి" అని నిన్న ఇక్కడ ఒకరు పెట్టారు. ఉర్దూ నుంచి వచ్చిన మాట నిజమే. చౌ అంటే నాలుగు, రస్తా అంటే దారి. కానీ హన్మకొండలో ఆటో ఆపి "కూడలికి పోతావా అన్నా" అని అడిగి చూడండి, ఏ కూడలి అంటాడు. చౌరస్తా అంటే మారుమాట ఉండదు.

మా దగ్గర పెద్ద రోడ్డును పేరు పెట్టి పిలవడం అరుదు. కాజీపేట, హన్మకొండ, వరంగల్ మూడూ ఒకే నగరంగా కలిసింది ఆ ఒక్క రోడ్డు మీదే. అయినా నోట్లో నానేవి దాని మీది చోట్లే: ఫాతిమానగర్, సుబేదారి, చౌరస్తా, ములుగు రోడ్డు, ఎంజీఎం ఆస్పత్రి.

వీటిలో ములుగు రోడ్డుది వింత కథ. పేరు చూస్తే రోడ్డు, వాడుకలో ఒక జంక్షన్. ములుగుకు దారి చీలే చోటు కాబట్టి ఆ పేరు పడింది. "ములుగు రోడ్డు కాడ దిగుత" అంటాం. కొత్తవాళ్లు "ములుగు రోడ్డులో ఎక్కడ?" అని అడిగితే ఊరికి కొత్త అని అక్కడే తెలిసిపోతుంది. "కాడ"కూ "లో"కూ అంత తేడా ఉంది మరి!

చౌరస్తా కూడా అంతే. వరంగల్ వైపు వాళ్లకు వాళ్ల చౌరస్తా ఉంది, హన్మకొండ వాళ్లకు వీళ్లది. ఎవరి ఇలాకాలో వాళ్లు ఊరి పేరు చెప్పకుండా ఒట్టి "చౌరస్తా" అనేస్తారు. హన్మకొండలోనైతే 1163 నాటి వేయిస్తంభాల గుడికి దారి అడిగినా ముందు చౌరస్తా పేరే చెబుతారు.

ఇంకో సంగతి. దిష్టి తీసిన నిమ్మకాయ పారేసేది "నాలుగు తొవ్వల కాడ". దాన్ని చౌరస్తా అనగా నేను వినలేదు. నాలుగు దారులు కలిస్తే చాలదన్నమాట. దుకాణాలు, బస్సులు, చాయ్ బండి, అప్పుడప్పుడు ధర్నా ఉంటేనే చౌరస్తా. కూడలిలో ఇవేవీ వినిపించవు, అది దారులు కలవడం వరకే చెబుతుంది. నాలుగు దిక్కుల లెక్క మాత్రం ఇక్కడ పాతదే: ఖిలా వరంగల్ నడుమ కాకతీయుల తోరణాలు దిక్కుకొకటి చొప్పున నాలుగు నిలబడి ఉన్నాయి.

కరీంనగర్ లెక్క వేరు. అక్కడ కమాన్, టవర్ సర్కిల్, తెలంగాణ చౌక్, గీతాభవన్ చౌరస్తా అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. పైగా చౌక్ మూలం సంస్కృత చతుష్కం, దాన్నేం చేద్దాం సారూ? మంచిర్యాల, జగిత్యాల వాళ్లు దేన్ని చౌక్ అంటారో, దేన్ని చౌరస్తా అంటారో కాస్త చెప్పండి.