ఉప్పు తగ్గించమంటే తలూపుతారు, నెల పోయాక అదే బీపీ. మీరెలా చెప్తన్నారు?

పర్లాకిమిడి_సిస్టర్:
అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ అయ్యి ఏడాదిన్నర, ఇప్పుడు ఒడిశా గజపతి జిల్లాలో ఒక సీహెచ్‌సీలో, అంటే సర్కారు ఆస్పత్రిలో, బీపీ షుగర్ క్లినిక్‌లో వేశారు. బీపీ చూడ్డం, మందులివ్వడం అవన్నీ బానే చేసెస్తాను గానీ డాక్టరు గారు చీటీ మీద కౌన్సెలింగ్ అని రాసి నా టేబులుకి పంపిస్తారు చూడండి, అక్కడే నాకు చేతకావట్లేదు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు కూడా ఉండదు, బయట లైను. ఉప్పు తగ్గించండి చుట్ట మానండి నూనె తగ్గించండి రోజూ నడవండి అని గబగబా చెప్పెస్తాను, "అలాగేనమ్మా" అంటారు, మళ్ళీ నెలకి అదే 160/100. నిన్న ఒక మామ్మకి నడవమని చెప్తే నవ్వేసి "రోజూ కొండెక్కి జీడిపిక్కలు ఏరుకొస్తన్నానే తల్లీ, ఇంకెక్కడికి నడవమంటావు" అంది, లైనంతా నవ్వారు, సిగ్గేసింది. పైగా కొందరికి తెలుగు, కొందరికి ఒడియా, కొండ మీంచొచ్చే సవరలకి రెండూ అంతంతమాత్రం. కాలేజీలో దీని మీద ఏదో క్లాసు చెప్పారు, పరీక్షకి రాసేసి మర్చిపోయాం.

బరంపురం_అక్క:
చెల్లీ, నాలుగు నిమిషాల్లో నాలుగు చెప్తన్నావు, వాళ్ళు ఒక్కటీ పట్టుకెళ్ళట్లేదు. ఒక్కటే చెప్పు. అది కూడా ముందు అడిగి చెప్పు. నేను "నిన్న లేచిన కాడ్నించీ ఏం తిన్నారు" అని మొదలెడతాను. ఒక పెద్దాయన మూడు నెలలు "కూరలో ఉప్పు తగ్గించేశాం సిస్టర్" అంటూనే ఉన్నాడు, బీపీ కదలదు. ఇలా అడిగితే అప్పుడు బయటపడింది, పొద్దున్నే చద్దన్నంలో చేత్తో తీసి వేసుకునే ఉప్పు, దాన్లోకి నంజుకోడానికి ఎండుచేప, మధ్యాన్నం ఆవకాయ. అవి ఉప్పు కింద ఆయన లెక్కలోనే లేవు! రోజుకి 5 గ్రాములు దాటకూడదంటారు కదా, అంటే అన్నీ కలిపి ఒక టీ చెంచాడు, ఆయనకి చద్దన్నం దగ్గరే చాలావరకు అయిపోతంది. కూర జోలికి పోకుండా చద్దన్నంలో ఉప్పు మాని నిమ్మకాయ పిండుకోమన్నాను, ఒప్పుకున్నాడు. ఎండుచేప మాత్రం మాననన్నాడు, సరే అన్నాను, యుద్ధం ఎందుకు.

ఇంక మీ మామ్మ మాటే రైటు. వారానికి 150 నిమిషాలు ఒళ్ళు కదలాలన్నది అందరికీ చెప్పేదే, కానీ అది నడకే అవ్వక్కర్లేదు, పనిలో కదిలిందీ లెక్కే. కొండెక్కే మనిషికి నడకా? ఆవిడకి అడగాల్సింది మందు రోజూ వేసుకుంటందా, బీపీ తగ్గిందని మధ్యలో ఆపేసిందా అని.

రాయగడ_బ్రదర్:
ఇవన్నీ బానే ఉన్నాయి గానీ ఇద్దరు చెయ్యాల్సిన డ్యూటీ ఒక్కరి చేత చేయించి కౌన్సెలింగ్ కూడా నువ్వే చెయ్యి అంటే ఎక్కడ కుదురుద్ది. అది ఎవరూ మాట్లాడరు.

పీజీ_కుర్రాడు:
బ్రదర్ చెప్పింది నిజమే, కానీ ఉన్న నాలుగు నిమిషాల్లోనే పనికొచ్చేది ఒకటుంది. మిల్లర్ అని అమెరికా సైకాలజిస్టు తాగుడు మానిపించే పనిలో ఉండి 1983లో రాశాడు, తర్వాత రోల్నిక్‌తో కలిసి పెంచాడు, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. సారాంశం ఏంటంటే మానాలనే మాట మన నోట్లోంచి కాదు, పేషెంటు నోట్లోంచి రావాలి. మానగలనని సున్నా నించి పది దాకా ఎంత నమ్మకం అని అడగమంటారు, మా ముసలాళ్ళకి అది ఎక్కలేదు, "రూపాయికి ఎన్నణాల నమ్మకం" అని అడిగితే టక్కున చెప్తారు. ఆరణాలు అన్నారనుకోండి, "ఎందుకంత తక్కువ" అనకూడదు, "రెండణాలు ఎందుకు అనలేదు" అనాలి. అప్పుడు కారణాలు వాళ్ళే చెప్పుకుంటారు. చివర్లో "అర్థమైందా" అని అడక్కండి, అందరూ ఆఁ అనే అంటారు. "ఇంటికెళ్ళి కోడలికి ఏమని చెప్తారు" అని అడగండి, మనం చెప్పింది ఎంత ఎక్కిందో తెలిసిపోద్ది.

కాశీనగర్_అమ్మాయి:
నేను నర్సుని కాదు, పేషెంటు కూతుర్ని. మా అమ్మ అడ్డచుట్ట కాలుస్తాది, నిప్పు లోపల పెట్టుకుని. ఒక చోట సిస్టర్ అందరి ముందూ "కేన్సరొచ్చి పోతావు" అని అరిచింది, అంతే, అమ్మ ఏడాది పాటు ఆస్పత్రి గడప తొక్కలేదు. తర్వాత ఇంకో చోట ఒక సిస్టర్ ఏమీ అనకుండా నోరు తెరవమని చిన్న అద్దంలో అంగుడి మీద తెల్లగా ఉన్నది చూపించింది, "రోజులో ఏ చుట్ట మానడం కష్టం" అని అడిగింది. అన్నం తిన్నాక కాల్చేదంట. మిగతావి మెల్లగా తగ్గించింది, అది ఇంకా ఉంది. ఇంకోటి, పొగ తాగుతారా అని అడిగితే మా వైపు ఆడవాళ్ళు లేదనే అంటారు, పళ్ళకి గుడాఖు రుద్దుకుంటారు కదా, అదీ పొగాకే అని చాలామందికి తెలీదు. పేరు పెట్టి అడగండి.

బరంపురం_అక్క:
ఈ అమ్మాయి చెప్పింది రాసి పెట్టుకో చెల్లీ. మానాలనుకునేవాళ్ళకి 1800-11-2356 ఇవ్వు, పొగాకు మానడానికి సర్కారు ఫోన్ నంబరు, డబ్బులక్కర్లేదు.

పర్లాకిమిడి_సిస్టర్:
ఇవాళ అడిగి ఒక్కటే చెప్పే పద్ధతి పెట్టి చూశాను, పదకొండు మందికి కుదిరింది, తర్వాత లైను ఎక్కువై మళ్ళీ పాత పాటే పాడేశాను. సవర పేషెంట్లొస్తే ఊరి నించి తీసుకొచ్చిన ఆశా దీదీని పక్కన కూచోబెట్టాను, నేను ఒక ముక్క అడిగితే ఆవిడ పది నిమిషాలు మాట్లాడి "ఉప్పు కాదంట సిస్టర్, మాత్రలు అయిపోయి ఇరవై రోజులైందంట" అంది. జీడిపిక్కల మామ్మ శుక్రవారం వస్తాది. చద్దన్నం సంగతి అడగాలి.