ర్యామ్ మార్చేటప్పుడు రిస్ట్ స్ట్రాప్ మన కోస్తాలో అవసరమా?

కావలి_డిగ్రీ:
మా పాత డెస్క్‌టాప్‌లో ర్యామ్ పెంచి, హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టాలనుకుంటున్నాను. రాపిడి వల్ల ఒంటి మీద చేరే స్టాటిక్ విద్యుత్తుకు చిప్పులు పోతాయని, చేతికి రిస్ట్ స్ట్రాప్ (మణికట్టుకు కట్టుకుని, తీగతో కంప్యూటర్ ఇనుప పెట్టెకు కలిపే పట్టీ) లేకుండా ముట్టుకోవద్దని ఒకరు, సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఆ భయమే అక్కర్లేదని మరొకరు చెబుతున్నారు. మా స్విచ్‌బోర్డులో మూడో రంధ్రం ఉంది గానీ, దానికి ఎర్త్ తీగ కలిపారో లేదో తెలియదు. ఎవరి మాట వినమంటారు?

ట్రంకురోడ్డు_సర్వీసు:
నెల్లూరులో 18 ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఒక్కరోజు కూడా స్ట్రాప్ కట్టలేదు, నా చేతిలో ఒక్క బోర్డూ పోలేదు. స్టాటిక్ పుట్టాలంటే గాలి పొడిగా ఉండాలి. చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఊళ్లో ఆ సమస్య ఎక్కడిది? పని మొదలుపెట్టే ముందు క్యాబినెట్‌ను, అంటే కంప్యూటర్ ఇనుప పెట్టెను, ఒకసారి ముట్టుకోండి, చాలు.

పినాకినీ_తీరం:
చెన్నై దగ్గర సర్క్యూట్ బోర్డుల కర్మాగారంలో 11 ఏళ్లు పనిచేసి నెల్లూరు తిరిగివచ్చినవాణ్ణి కాబట్టి ఈ మాటను ఇలా వదిలేయలేను. తేమ స్టాటిక్‌ను తగ్గిస్తుందే తప్ప లేకుండా చేయదు. ఈ రంగంలో తరచుగా చూపే లెక్క ప్రకారం, తివాచీ మీద నడిచిన మనిషి ఒంటి మీద 10-20 శాతం తేమలో 35,000 వోల్టుల దాకా చేరితే, 65 శాతం దాటిన తేమలో కూడా 1,500 వోల్టులు చేరుతాయి. వేలికి చిటుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. రక్షణ లేని చిప్పులు కొన్ని 100 వోల్టుల లోపే దెబ్బతింటాయి. అంటే మనకు ఏమీ తెలియకుండానే చిప్పు పోవచ్చు. పైగా రోహిణి కార్తెలో పడమటి గాలి తిరిగినప్పుడు మన నెల్లూరు గాలి ఎంత పొడిగా ఉంటుందో, ఏసీ గదిలో తేమ ఎంత తగ్గుతుందో మీకు తెలియనిది కాదు.

దర్శి_మాస్టారు:
మా వైపు చలికాలం పొద్దున ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గొళ్లెం పట్టుకుంటే చిటుక్కుమంటుంది.

ట్రంకురోడ్డు_సర్వీసు:
మన ఇళ్లలో తివాచీలు ఎక్కడున్నాయండీ? గచ్చు, మొజాయిక్, టైల్స్ మీద నడిచే మనుషులకు తివాచీ లెక్క ఎలా వర్తిస్తుంది? ముందు దీనికి జవాబు చెప్పండి.

ఒంగోలు_గృహిణి:
మా క్యాబినెట్ వెనక చెయ్యి పెడితే వేళ్లు జుమ్మంటాయి. అది స్టాటిక్కేనా?

పినాకినీ_తీరం:
కాదమ్మా, స్టాటిక్ అయితే ఒక్కసారి చిటుక్కుమని ఆగిపోతుంది. ఎస్ఎంపీఎస్‌లోని (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లైలోని) ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిపాటి విద్యుత్తు ఎప్పుడూ క్యాబినెట్‌కు చేరుతూ ఉంటుంది. ఎర్త్ తీగ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే 230 వోల్టుల్లో దాదాపు సగం ఆ ఇనుప రేకు మీదే నిలుస్తుంది. మీ వేళ్లకు తెలిసేది అదే కావచ్చు. అందుకే, ఎర్తింగ్ ఉందో లేదో తెలియని ఇంట్లో ప్లగ్గు ఉంచి క్యాబినెట్‌ను ముట్టుకోమనడం సరికాదు.

కావలి తమ్ముడూ, ప్లగ్గు పూర్తిగా పీకేసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కిపట్టి వదలాలి. తరువాత స్ట్రాప్ క్లిప్పును క్యాబినెట్ లోపల రంగు లేని ఇనుము మీద పెట్టాలి. మీ ఒళ్లు, బోర్డు, క్యాబినెట్ ఒకే వోల్టేజీలో ఉండటమే ఇక్కడ ముఖ్యం. అందుకు ఎర్త్ తప్పనిసరి కాదు. స్ట్రాప్ తీగలో ఒక మెగాఓమ్ నిరోధకం ఉంటుంది కాబట్టి, పొరపాటున కరెంటు తగిలినా ఒంట్లోకి ప్రమాదకరమైనంత ప్రవహించదు. దాని బదులు ఉత్త రాగి తీగ చుట్టుకోవద్దు. ర్యామ్‌ను చివరి నిమిషం దాకా స్టాటిక్ తగలకుండా కాపాడే వెండి రంగు సంచిలోనే ఉంచి, అంచులే పట్టుకోండి. థర్మకోల్ మీద మాత్రం పెట్టకండి.

ట్రంకురోడ్డు గారూ, తివాచీ లేకపోయినా పాలిస్టర్ చొక్కా, ప్లాస్టిక్ కుర్చీ ఉన్నాయి కదా.

ట్రంకురోడ్డు_సర్వీసు:
కర్మాగారంలో మీకు స్టాటిక్ పోగొట్టే మ్యాట్, స్ట్రాప్ అన్నీ యాజమాన్యం ఇచ్చింది. ఇక్కడ సర్వీసు చార్జీ దగ్గరే బేరమాడే మనిషి ముందు కూర్చుని, వాకిట్లో నలుగురు ఎదురుచూస్తుండగా పనిచేస్తే మీకూ తెలుస్తుంది. 18 ఏళ్ల అనుభవాన్ని ఒక పట్టికతో కొట్టిపారేయకండి.

ఒంగోలు_గృహిణి:
అనుభవం అంటున్నారు కాబట్టి నాదీ చెబుతాను. పోయిన వేసవిలో ఒక దుకాణంలో కొన్న ర్యామ్‌ను మా అబ్బాయి ఇంట్లో బిగించాడు. మూడు వారాలకు తెర నీలంగా మారి ఆగిపోవడం మొదలైంది. తీసుకువెళితే, "మీవాడి చేతి స్టాటిక్‌కు పోయిందమ్మా, వారంటీ రాదు" అన్నారు. ఆ మాట అన్న మనిషే తళతళలాడే సిల్కులాంటి చొక్కా జేబులోంచి ఇంకో ర్యామ్ ముక్క తీసి, దాని బంగారు పళ్ల మీద నోటితో ఊది, రబ్బరుతో రుద్ది, ఇది కొనుక్కోమన్నాడు. ఆ రోజంతా మా అబ్బాయి అన్నం తినలేదు. ట్రంకురోడ్డు గారూ, మన కోస్తాలో స్టాటిక్కే లేకపోతే అది వాడి చేతికి ఎక్కడినుంచి వచ్చింది?

దర్శి_మాస్టారు:
దీనికి జవాబు కావాలి.

ట్రంకురోడ్డు_సర్వీసు:
అమ్మా, ఆ దుకాణం నాది కాదు. కానీ ఆ మాట నేనూ కొందరితో అన్నాను. డీలరు వెనక్కి తీసుకోని సరుకు నా నెత్తిన పడుతుంది; ఒక ర్యామ్ పోతే పది సర్వీసుల లాభం పోతుంది. స్ట్రాప్ గురించి ఇంతసేపు వాదించానే గానీ, నా బాధ అది కాదు. ఎందుకు పోయిందో తేలని ముక్క నష్టం ఎవరు భరించాలో ఇంతవరకు ఎవరూ నాకు చెప్పలేదు.

పినాకినీ_తీరం:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. చిప్పు లోపల ట్రాన్సిస్టర్ గేటు (కరెంటును ఆపి వదిలే భాగం) కింద ఉండే ఇన్సులేషన్ పొర మందం కొద్ది నానోమీటర్లు. స్టాటిక్ దానికి చిల్లు పొడిచిందో లేదో తేల్చాలంటే చిప్పును విప్పి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఆ సౌకర్యం మన జిల్లాలో ఏ రిపేరు బల్ల మీదా ఉండదు. కాబట్టి కాలిన గుర్తు, విరిగిన పన్ను లేని ముక్కను చూసి "నీ చేతి స్టాటిక్" అనే హక్కు అమ్మినవాడికి లేదు.

మీ 18 ఏళ్ల మాటను నేను అబద్ధం అనను. చిప్పుల్లో రక్షణ డయోడ్లు ఉంటాయి, తేమ కూడా మీకు సాయపడింది. అయితే దెబ్బతిన్న చిప్పు అన్నిసార్లూ అప్పుడే చావదు, కొన్నాళ్లు నడిచి ఆగిపోవచ్చు. నెలకో రెండు నెలలకో తిరిగొచ్చిన ముక్కల్లో మీరు మీ చేత్తో బిగించినవి ఎన్నో ఎప్పుడైనా రాసిపెట్టారా?

ట్రంకురోడ్డు_సర్వీసు:
రాసిపెట్టలేదు. స్ట్రాప్ ఒకటి తెప్పిస్తాను. నష్టం సంగతి మాత్రం డీలరు మారకుండా నేను ఒక్కణ్ణే మోయలేను, అక్కడ నా మాట నాదే.

కావలి_డిగ్రీ:
ఈరోజు సాయంత్రం ప్లగ్గు పీకి, స్ట్రాప్ క్లిప్పు క్యాబినెట్‌కు పెట్టి ర్యామ్, ఎస్ఎస్‌డీ రెండూ బిగించాను. రెండూ పనిచేస్తున్నాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి స్విచ్‌బోర్డు విప్పించాను. మూడో రంధ్రం వెనక అసలు తీగే లేదు. వచ్చే ఆదివారం పెరట్లో ఎర్త్ గుంత తవ్విస్తున్నాము.